రెండు రకాల గిన్నెలు

వాక్యభాగములు: ద్వితీయోపదేశకాండము 14:21; గలతీయులకు 2:11-14



ముందుగా మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతాను. మీ వంటగదిలో ఎన్ని రకాల గిన్నెలు ఉన్నాయి? ఇత్తడివి, స్టీలువి, మట్టివి అని లెక్క చెప్పకండి. నేను అడిగేది వేరే లెక్క. ఇంటివాళ్లకు ఒకటి, బయటివాళ్లకు ఒకటి అని మీ ఇంట గ్లాసులు వేరుగా ఉన్నాయా? ఉంటే, ఆ రెండో గ్లాసు ఎక్కడ బోర్లించి ఉంది? దాంట్లో టీ తాగేది ఎవరు?

జవాబు ఇప్పుడే చెప్పనవసరం లేదు. ముందు మనం యూదుల వంటగదిలోకి వెళ్దాం. అక్కడ కూడా రెండు రకాల గిన్నెలు ఉంటాయి. వాళ్లు ఏ కూర ఎలా వండుకుంటారో, రొట్టె ఎలా కాలుస్తారో చూద్దాం. ఆ తరువాత మన తెలుగు దేశంలోనే, గుంటూరు జిల్లాలో, ఆ పద్ధతిని తమ పొయ్యి దగ్గరకు తెచ్చుకున్న ఒక చిన్న గుంపు చరిత్ర చూద్దాం. చివరికి మన బల్ల దగ్గరకు తిరిగి వద్దాం.

ఒకే వచనంలో రెండు ఆజ్ఞలు

ద్వితీయోపదేశకాండము 14వ అధ్యాయం 21వ వచనం మీ బైబిలులో తెరవండి. ఆ ఒక్క వచనంలో రెండు ఆజ్ఞలున్నాయి. మొదటిది, దానంతట అది చచ్చిన జంతువు మాంసం ఇశ్రాయేలీయులు తినకూడదు. రెండవది, మేకపిల్లను దాని తల్లిపాలలో ఉడికించకూడదు. ఈ రెండవ ఆజ్ఞ ధర్మశాస్త్రంలో మూడుసార్లు వస్తుంది. నిర్గమకాండము 23:19లో ఒకసారి, 34:26లో ఇంకొకసారి, ఇక్కడ మూడవసారి.

మూడుసార్లు చెప్పాడంటే ఊరికే చెప్పలేదని యూదుల బోధకులు అర్థం చేసుకున్నారు. మాంసాన్ని పాలతో వండకూడదు, రెండూ కలిపి తినకూడదు, అలా కలిసిన వంట వలన లాభం కూడా పొందకూడదు అని మూడు నియమాలు చేశారు. అందుచేత యూదుల ఇంట మాంసానికి ఒక వరుస గిన్నెలు, గరిటెలు, పళ్లాలు ఉంటాయి. పాలు, పెరుగు, వెన్న, నెయ్యికి ఇంకొక వరుస ఉంటుంది. తోమే పీచు కూడా వేరే. మాంసం తిన్న తరువాత పాల పదార్థం ముట్టుకోవడానికి చాలామంది ఆరు గంటలు ఆగుతారు. కొన్ని ప్రాంతాల యూదులు మూడు గంటలు ఆగుతారు.

ఈ పద్ధతికి లోబడిన ఆహారాన్ని కోషెర్ అంటారు. హెబ్రీ భాషలో ఆ మాటకు తగినది, యోగ్యమైనది అని అర్థం. లేవీయకాండము 11వ అధ్యాయం మీకు తెలిసినదే. నెమరు వేసి, డెక్కలు చీలిన పశువు యోగ్యమైనది. ఆవు, గొర్రె, మేక వస్తాయి. పంది రాదు. నీళ్లలో ఉండేవాటికి రెక్కలు, పొలుసులు రెండూ ఉండాలి. భీమిలి నుండి బారువ దాకా సముద్రం ఒడ్డున ఉన్న మన సంఘాలవారికి ఈ లెక్క వెంటనే తెలిసిపోతుంది. పండుగప్ప, శీలావతి, బొచ్చె యోగ్యమైనవి. పొలుసులేని వాలుగ పనికిరాదు. సొరచేప పనికిరాదు. రొయ్యలు, పీతలు అసలే పనికిరావు.

రక్తం సంగతి ఇంకా జాగ్రత్తగా చూస్తారు. లేవీయకాండము 17వ అధ్యాయం రక్తాన్ని ప్రాణంతో ముడిపెట్టింది. అందుకని మాంసాన్ని అరగంట నీళ్లలో నానబెట్టి, గంటసేపు రాళ్ల ఉప్పు పట్టించి ఏటవాలుగా ఉంచి, రక్తం కారిపోయాక బాగా కడుగుతారు. నౌపడా ఉప్పుమళ్లు చూసినవారికి రాళ్ల ఉప్పు అంటే చెప్పనక్కరలేదు. గుడ్డు కొట్టేటప్పుడు కూడా నేరుగా పెనం మీద కొట్టరు. ముందు ఒక గ్లాసులో కొట్టి, రక్తపు చుక్క లేదని చూసి అప్పుడు వేస్తారు.

ఒకవేళ పొరపాటున మాంసం గిన్నెలో పాలు పడితే? ఇత్తడి, ఇనుము, స్టీలు గిన్నె అయితే మరిగే నీళ్లలో ముంచి తిరిగి వాడుకునే మార్గం ఉంది. మట్టికుండ అయితే లేదు. కుండ తనలోకి పీల్చుకున్నది వదలదు. లేవీయకాండము 6:28లో ఇదే తేడా కనిపిస్తుంది. మట్టిపాత్రను పగులగొట్టాలి, ఇత్తడిపాత్రను తోమి కడగాలి. మన అమ్మమ్మలు చేపల పులుసు కుండలో పాలు కాచేవారా? కాచరు. ఆ అనుభవం మనకూ ఉంది.

కూరలు, పచ్చళ్లు

మాంసం ఒక పక్క, పాలు ఒక పక్క. మరి మధ్యలో ఏముంది? దేవుడు భూమిలో నుండి మొలిపించినదంతా ఉంది. కూరగాయలు, పప్పులు, బియ్యం, చోళ్లు, పండ్లు, నూనె, ఇంకా చేపలు, గుడ్లు. వీటిని యూదులు పార్వే అంటారు. అవి మాంసమూ కావు, పాలూ కావు. అయితే చేపను, మాంసాన్ని ఒకే పళ్లెంలో కలపని ఆచారం చాలామందికి ఉంది. కోషెర్ ఇంట్లో పక్క కూరలు చేసే ఇల్లాలికి ఈ మధ్య వరుసే ఆధారం. ఎందుకంటే అది ఏ భోజనంలోనైనా వడ్డించవచ్చు.

మన వంటలను ఆ కళ్లతో ఒకసారి చూడండి. ఆవ పెట్టిన పనసపొట్టు కూర పార్వే. గుమ్మడికాయ దప్పళం పార్వే. కందిపప్పు పార్వే, కాని పోపు నూనెతో పెట్టాలి. ఒక చెంచా నెయ్యి పడిందంటే అది పాల వరుసలోకి వెళ్లిపోతుంది, మాంసంతో కలిపి తినడానికి వీలులేదు. మజ్జిగ పులుసు పాల వరుసే. బిర్యానీ పక్కన మనం పెట్టుకునే పెరుగు పచ్చడి కుదరదు. అసలు పెరుగులో నానబెట్టిన మాంసంతో చేసే బిర్యానీయే కుదరదు. క్రిస్మస్ మధ్యాహ్నం కోడికూర తిని, వెంటనే వెన్న వేసిన కేకు ముక్క అందుకోవడం మనకు పండుగ. వాళ్ల ఇంట ఆ కేకులో వెన్నకు బదులు నూనె వేస్తారు, లేకపోతే సాయంత్రం దాకా ఆగుతారు.

ఇక్కడ ఇండియాలోని యూదులు ఒక చక్కని దారి కనుగొన్నారు. కొబ్బరిపాలు! కొచ్చిన్‌లో 1568లో కట్టిన పరదేశి సమాజమందిరం ఈనాటికీ నిలిచి ఉంది. ఆ తీరంలో బ్రతికిన యూదులూ, మహారాష్ట్ర కొంకణ తీరంలోని బెనె ఇశ్రాయేలు వారూ మాంసం కూరలలో పెరుగు, మీగడ బదులు కొబ్బరిపాలు పోసేవారు. పేరు పాలే గాని అది చెట్టు కాయ. ఆజ్ఞ నిలిచింది, రుచీ నిలిచింది. పొరుగువాళ్ల వంటకు దగ్గరగా ఉంటూనే తమ వంట తాము నిలుపుకున్నారు.

ఆకుకూరల సంగతి కూడా చెప్పాలి. పాకే పురుగులు తినకూడదని లేవీయకాండము 11:41-44 చెబుతుంది. అందుకని తోటకూర, కొత్తిమీర, కాలీఫ్లవర్ లాంటివి ఆకు ఆకూ వెలుతురులో పట్టి చూస్తారు, ఉప్పునీళ్లలో వేసి కడుగుతారు. పిండి జల్లిస్తారు. పప్పు, బియ్యం ఏరుతారు. చేటలో బియ్యం పోసుకుని గడప దగ్గర కూర్చుని రాళ్లు ఏరే మన తల్లులను తలచుకోండి. ఆ పనినే యూదు స్త్రీ దేవునికి లోబడే పనిగా చేస్తుంది.

బెనె ఇశ్రాయేలు వారిలో తరతరాలుగా చెప్పుకునే ఒక కథ ఉంది. వారు కొంకణ పల్లెల్లో గానుగ ఆడించి నూనె తీసేవారు. శనివారం మాత్రం గానుగ కట్టేవారు కారు. అందుచేత ఊరివాళ్లు వారిని శనివారపు తెలికలు అని పిలిచారు. హెబ్రీ భాష మరచిపోయారు, గ్రంథపు చుట్టలు లేవు. ఒకప్పుడు దావీదు రహబి అనే యూదుడు వారి దగ్గరకు వచ్చి, వీరు నిజంగా ఇశ్రాయేలీయులేనా అని తెలుసుకోవడానికి అన్ని రకాల చేపలు కలిపి స్త్రీల చేతికిచ్చి వండమన్నాడట. ఆ స్త్రీలు రెక్కలు, పొలుసులు లేని చేపలు తీసి పక్కన పెట్టేశారట. అది చూసి ఆయన నమ్మాడని కథ. ఆయన ఏ కాలంవాడో చరిత్రకారుల మధ్య వాదం ఉంది. కాని కథ చెప్పే సంగతి గమనించండి. మగవారు గ్రంథం పోగొట్టుకున్నారు. ఆడవారు పొయ్యి దగ్గర దాన్ని కాపాడారు!

రొట్టె, పిండిముద్ద

ఇప్పుడు రొట్టె దగ్గరకు వద్దాం. యూదులకు విశ్రాంతి దినం శుక్రవారం సాయంత్రం మొదలవుతుంది. నిర్గమకాండము 35:3 ప్రకారం ఆ దినాన ఇంట్లో నిప్పు రాజేయకూడదు. కాబట్టి శుక్రవారం పొద్దు గుంకేలోగా వంట అంతా ముగించాలి. చిక్కుడు గింజలు, బార్లీ, దుంపలు, మాంసం కలిపి పెద్ద కుండలో పెట్టి, మూత బిగించి, సన్నని సెగ మీద రాత్రంతా వదిలేస్తారు. మరునాడు మధ్యాహ్నానికి అది మెత్తగా ఉడికి వేడివేడిగా ఉంటుంది. తూర్పు ఐరోపా యూదులు దాన్ని చోలెంట్ అంటారు. స్పెయిన్, అరబు దేశాల యూదులు హమీన్ అంటారు.

ఆ బల్ల మీద రెండు రొట్టెలు పెడతారు. వాటిని హల్లా అంటారు. రెండే ఎందుకు? అరణ్యంలో ఆరవ దినాన మన్నా రెండంతలు దొరికింది గనుక. పైన, క్రింద గుడ్డ పరుస్తారు. మన్నా పైన, క్రింద మంచు కమ్మి ఉండేదని దానికి గురుతు. పిండిని పాయలు చేసి జడ అల్లినట్టు అల్లుతారు. మైదా, ఈస్ట్, గుడ్లు, నూనె, కొంచెం పంచదార, ఉప్పు, నీళ్లు. పాలు వేయరు, వెన్న వేయరు. ఎవరైనా తెలియక ఆ రొట్టెను మాంసంతో తింటారేమోనని పూర్వపు బోధకులు రొట్టెపిండిలో పాలు కలపవద్దన్నారు.

హల్లా అనే పేరు మొదట రొట్టెకు కాదు, రొట్టెలో నుండి తీసిన ముద్దకు. సంఖ్యాకాండము 15:17-21 చదవండి. పిండి పిసికినప్పుడు మొదటి ముద్ద యెహోవాకు ప్రతిష్ఠించాలి. దేవాలయం ఉన్న కాలంలో అది యాజకునికి వెళ్లేది. 70వ సంవత్సరంలో రోమీయులు దేవాలయాన్ని కూల్చివేశారు. ముద్ద అందుకునే యాజకుడు పోయాడు. అయినా యూదు స్త్రీ ముద్ద తీయడం మానలేదు. ఈనాటికీ కిలోంబావుకు మించి పిండి కలిపితే, ఒలీవ పండంత ముద్ద తీసి, పిండి ఇంకా ఎక్కువైతే ఆశీర్వచనం కూడా పలికి, ఆ ముద్దను నిప్పులో కాల్చివేస్తుంది. బలిపీఠం లేని దేశాలలో, పరాయి ఊళ్లలో, రెండు వేల సంవత్సరాలుగా! అన్నం వండేముందు పిడికెడు బియ్యం తీసి దేవుని పనికోసం డబ్బాలో వేసే మన సహోదరీలకు ఈ మాట తేలికగా అర్థమవుతుంది.

అపొస్తలుడైన పౌలు రోమీయులకు 11:16లో ముద్ద సంగతి ఎత్తినప్పుడు ఆయన కళ్ల ముందున్నది ఈ వంటగదే. మొదటి ముద్ద పరిశుద్ధమైతే తక్కిన పిండి అంతా అటువంటిదే అన్నది ఆయన వాదం. అక్కడే అన్యజనులైన మనకు ఒక హెచ్చరిక కూడా చేశాడు. వేరు మీద కొమ్మ అతిశయపడకూడదు. యూదుల ఆచారాల గురించి మాట్లాడేటప్పుడు మన నాలుకకు ఆ కళ్లెం ఉండాలి.

ఇక పులియని రొట్టె. పస్కా దినాలలో ఇంట్లో పులిసినది కంటికి కనబడకూడదని ధర్మశాస్త్రం. పండుగకు ముందే ఇల్లంతా వెదికి, రొట్టె ముక్కలు ఊడ్చి కాల్చివేస్తారు. పండుగ రొట్టెను మచ్చా అంటారు. పిండిలో నీళ్లు పడిన క్షణం నుండి 18 నిమిషాలలో పిసకడం, ఒత్తడం, గుచ్చడం, పొయ్యిలోకి పంపడం అయిపోవాలి. దాటితే అది పులిసిన లెక్కలోకి పోతుంది. ఐగుప్తు నుండి బయలుదేరినప్పటి తొందర ఆ 18 నిమిషాలలో ఉంది.

మన భాషలో ఒక చిక్కు ఉంది. పులియడం అనగానే మనకు ఇడ్లీ పిండి గుర్తొస్తుంది. మరి పస్కా రోజుల్లో ఇడ్లీ తినకూడదా? యూదుల నియమం ప్రకారం పులిసినది అంటే గోధుమ, బార్లీ, వాటికి దగ్గరి ధాన్యాలు కలిపి ఐదు మాత్రమే. బియ్యం, మినుములు ఆ లెక్కలో లేవు. ఐరోపా యూదులు జాగ్రత్తకోసం పస్కాలో బియ్యం, పప్పులు కూడా మానేశారు. ఆసియా యూదులలో అనేకులు బియ్యం తింటారు. కాబట్టి తెలుగు బైబిలులోని పులియని అనే మాటను మన పొయ్యి అర్థంతో కాక వాళ్ల పొయ్యి అర్థంతో చదువుకోవాలి.

రొట్టె మనుషులను ఎలా కలుపుతుందో చూడాలంటే మన స్టేషనులో హౌరా రైలెక్కండి. కలకత్తా న్యూమార్కెట్‌లో నహూమ్ అనే రొట్టెల దుకాణం ఉంది. బాగ్దాదు నుండి వచ్చిన ఒక యూదు కుటుంబం 1902లో మొదలుపెట్టింది. ఆ నగరపు క్రైస్తవులు డిసెంబరులో క్రిస్మస్ కేకు కోసం వరుసలో నిలబడేది ఆ యూదుల దుకాణం ముందే.

ఒంగోలు నుండి కొత్తరెడ్డిపాలెం

ప్రియులారా, ఇప్పుడు మొదట తెరిచిన వచనానికి తిరిగి రండి. ద్వితీయోపదేశకాండము 14:21లోని మొదటి ఆజ్ఞ, అనగా చచ్చిన పశువు మాంసం తినకూడదన్న ఆజ్ఞ, తెలుగు సంఘ చరిత్రలో ఒక పెద్ద మలుపు దగ్గర నిలబడి ఉంది.

అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారు 1866లో ఒంగోలు వచ్చారు. ఆ సంవత్సరమే యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ భక్తుడు, తోళ్ల వ్యాపారి, బాప్తిస్మం పొందాడు. ఆయన వెంట మాదిగపల్లెలు కదిలాయి. 1876-78 కరవు తరువాత, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్క దినాన 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ విశ్వాసులకు క్లౌగారు పెట్టిన నియమాలు మూడు. విగ్రహాలకు మొక్కవద్దు. ఆదివారం పని చేయవద్దు. చచ్చిన పశువు మాంసం తినవద్దు.

మూడవ నియమం ఎందుకు అవసరమైంది? ఊరిలో పశువు చస్తే దాన్ని ఎత్తి తీసుకుపోవలసినది మాదిగవారే. ఊరు వారికి ఇచ్చిన ఆహారం అదే. ఆ ఆహారమే వారిని అంటరానివారన్నదానికి సాకు. మన వచనాన్ని మళ్లీ చూడండి. చచ్చినదాన్ని నీవు తినవద్దు, నీ ఇంటనున్న పరదేశికి ఇవ్వవచ్చు అని అందులో ఉంది. ఆ వచనంలో పరదేశి ఉన్నచోట మన ఊళ్లలో మాదిగవాడ ఉంది! క్లౌగారి మూడవ నియమానికి లోబడిన రోజున ఆ విశ్వాసులు పరదేశి స్థానంలో నుండి లేచి ఇంటివారి స్థానంలో కూర్చున్నారు. ఊరి పెద్దలు ఊరుకోలేదు. పని ఇవ్వలేదు, బావి దగ్గరకు రానివ్వలేదు, కొట్టారు. అయినా వారు తమ పళ్లెంలోకి ఆ మాంసాన్ని తిరిగి రానివ్వలేదు.

నూరు సంవత్సరాలు గడిచాయి. సంఘాలు పెరిగాయి, బడులు, ఆసుపత్రులు వచ్చాయి. ఊరి గీత మాత్రం చెరిగిపోలేదు. 1985 జూలై 17న కారంచేడులో మంచినీళ్ల చెరువు దగ్గర, నీళ్ల బిందె పట్టుకున్న ఒక మాదిగ స్త్రీతో మొదలైన గొడవ ఆరుగురి ప్రాణాలు తీసింది. మళ్లీ నీళ్లే, మళ్లీ గిన్నే.

ఆ 1980లలోనే గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో ఒక కొత్త సంగతి మొదలైంది. షమూయేల్ యాకోబి, సాదోక్ యాకోబి అనే అన్నదమ్ములు, మాదిగ కుటుంబంవారు, బాప్తిస్టు నేపథ్యంలో పెరిగినవారు, తాము ఇశ్రాయేలు గోత్రాలలో ఎఫ్రాయిము సంతతివారమని ప్రకటించారు. 1990ల మొదట్లో ఆ ఊరిలో సమాజమందిరం వెలిసింది. కొన్ని పదుల కుటుంబాలు వారితో చేరాయి. తమను బెనె ఎఫ్రాయిము, అనగా ఎఫ్రాయిము కుమారులు అని పిలుచుకున్నారు. తెలుగు మాట్లాడుతూ హెబ్రీ ప్రార్థనలు నేర్చుకున్నారు. శనివారం విశ్రాంతి దినంగా ఎంచుకున్నారు. పస్కా ఆచరించారు. ధర్మశాస్త్రపు ఆహార నియమాలు తమ ఇళ్లలోకి తెచ్చుకున్నారు. యూలియా ఎగరోవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకులు వారి మధ్య ఉండి వారి జీవితాన్ని పరిశీలించి 2013లో ఒక పుస్తకం వెలువరించారు.

వారి పళ్లెం దగ్గర ఒక విశేషం ఉంది. గొడ్డు మాంసం తింటారని ఊరు వారిని నీచంగా చూసింది. వారు అదే అలవాటును తమ ఇశ్రాయేలు మూలానికి గురుతుగా చూపించారు. నెమరు వేసి డెక్కలు చీలిన పశువును లేవీయకాండము యోగ్యమైనదంటోంది గదా! ఏ ఆహారాన్ని చూపి ఊరు వారిని బయట కూర్చోబెట్టిందో, ఆ ఆహారాన్నే చూపి వారు ఒక ప్రాచీన బల్ల దగ్గర చోటు అడిగారు.

వారి గోత్రపు మాట చరిత్రలో రుజువు కాలేదు. ఇశ్రాయేలు దేశపు మత పెద్దలు వారిని యూదులుగా గుర్తించలేదు. యేసును మెస్సీయగా ఒప్పుకునే మనకు, వారికి మధ్య విశ్వాసంలో పెద్ద తేడా ఉంది. ఆ తేడాను నేను తక్కువ చేయడం లేదు. కాని మన సంఘాలు తమను తాము అడగవలసిన ప్రశ్న ఒకటుంది. నూరు సంవత్సరాలుగా మన బల్ల దగ్గర కూర్చున్నవారికి, ఇంకొక బల్ల వెదకవలసిన ఆకలి ఎందుకు మిగిలింది?

అంతియొకయలో ఖాళీ అయిన చోటు

యూదుల గిన్నెలు పదార్థాన్ని వేరు చేస్తాయని చెప్పాను. నిజమే, కాని చరిత్ర అంత సులువైనది కాదు. ఆహార నియమం నుండి, అన్యజనులతో కూర్చుని తినకూడదన్న కట్టుబాటు పెరిగింది. ఆదిసంఘం ఆ రాయికే తట్టుకుంది. అపొస్తలుల కార్యములు 10వ అధ్యాయంలో దేవుడు పేతురుకు దుప్పటి దర్శనం ఇచ్చాడు. పేతురు దానికి చెప్పిన అర్థం చూడండి. ఏ మనుష్యుని నిషేధింపదగినవాడని పిలువకూడదని దేవుడు తనకు చూపించాడని కొర్నేలీ ఇంట సాక్ష్యమిచ్చాడు. దర్శనంలో కనబడింది జంతువులు. ఆయన నేర్చుకున్నది మనుషుల గురించి.

అటువంటి పేతురే అంతియొకయలో తడబడ్డాడు. యాకోబు వద్దనుండి కొందరు రాగానే అన్యజనులతో తింటున్న బల్ల దగ్గరనుండి మెల్లగా లేచిపోయాడు. బర్నబా కూడా ఆయన వెంట వెళ్లాడు. పౌలు వారిని అందరి ఎదుట నిలదీశాడు. గలతీయులకు 2వ అధ్యాయంలో ఆ సంగతి ఉంది. పౌలుకు పప్పు, మాంసం ముఖ్యం కాలేదు. రోమీయులకు 14వ అధ్యాయంలో తినేవాడు, తినని వాడు ఒకరినొకరు తృణీకరించవద్దని ఎంతో మృదువుగా చెప్పినవాడు ఆయనే. కాని బల్ల దగ్గరనుండి మనిషి లేచిపోతే మాత్రం సువార్త సత్యమే వంకరపోయిందన్నాడు.

ఈ మధ్య కొన్ని సంఘాలలో ఒక బోధ వినబడుతోంది. రొయ్యలు మానితే, పస్కా చేసుకుంటే, శాలువ కప్పుకుంటే ఎక్కువ పరిశుద్ధులమవుతామని. సహోదరులారా, నేర్చుకోవడానికి వండుకోండి, తప్పులేదు. గోధుమపిండి, నీళ్లు కలిపి, గడియారం చూసుకుంటూ, ఫోర్కుతో గుచ్చి, బాగా కాలిన పెనం మీద రెండు వైపులా కాల్చి మీ పిల్లల చేతిలో పెట్టి నిర్గమకాండము 12వ అధ్యాయం చదివించండి. ఆ తొందర వారికి మరపు రాదు. కాని రక్షణ పెనం మీద కాలదు. యూదులు తమ రక్తంతో కాపాడుకున్న ఆచారాన్ని మనం అలంకారంగా తగిలించుకోవడం కూడా తగదు.

మనం వారి దగ్గర నేర్చుకోవలసినది వేరే ఉంది. దేవుడు వంటగదిలో కూడా దేవుడే అని ఆ స్త్రీలు నమ్మారు. పీచు దగ్గర, చేట దగ్గర, పిండిముద్ద దగ్గర ఆయన్ను జ్ఞాపకం చేసుకున్నారు. మనం ఆదివారం మందిరంలో ఒకే పాత్రలో పాలుపొంది, సోమవారం పెరటి గుమ్మం దగ్గర వేరే గ్లాసు తీస్తే, మన విశ్వాసం మందిరం గడప దాటలేదన్నమాట.

ఉత్తరాంధ్ర సంఘాలలో అనేకచోట్ల ప్రభురాత్రి భోజనపు రొట్టె ఇంట్లోనే చేస్తారు. శనివారం రాత్రి ఒక సహోదరి పిండి కలిపి, ఒత్తి, కాల్చి, తెల్లని గుడ్డలో చుట్టి తెస్తుంది. మీ సంఘంలో ఆ రొట్టె ఎవరి చేతిది? ఏ వాడలోని సహోదరి చేతి రొట్టెనైనా మీ సంఘం తడబడకుండా తీసుకుంటుందా? ప్రేమవిందులో వంట చేసేవారు ఒక వాడవారు, వడ్డించేవారు ఇంకొక వాడవారు, గిన్నెలు తోమేవారు మరొక వాడవారు అన్న ఏర్పాటు ఎవరూ నోటితో చెప్పకుండానే నడుస్తోందా? సంఘపెద్దలు ఈ ప్రశ్నలు వచ్చే కమిటీ కూటంలో ఎత్తాలని ప్రభువు పేరట బ్రతిమాలుచున్నాను. వచ్చే నెల బల్ల రొట్టె పని వంతుల వారీగా అన్ని వాడల సహోదరీలకు ఇవ్వండి. మొదట కొందరు ముఖం చిట్లించవచ్చు. పౌలు అంతియొకయలో మౌనంగా ఉండలేదు, మీరూ ఉండవద్దు.

మీ ఇంటి సంగతి మీకే విడిచిపెడుతున్నాను. మాంసం గిన్నె, పాల గిన్నె వేరుగా ఉంచుకోవడం, ఉంచుకోకపోవడం మీ ఇష్టం. పెరట్లో బోర్లించిన ఆ రెండో గ్లాసు ఉంటే మాత్రం, ఈ రోజే తెచ్చి మిగతా గ్లాసులలో కలిపి కడిగేయండి. ఏది ఎవరిదో మీకే గుర్తు తెలియనంతగా కలిపేయండి.

ప్రార్థన చేసుకుందాం. పరలోకమందున్న మా తండ్రీ, మీ కుమారుడు సుంకరులతో, పాపులతో ఒకే బల్ల దగ్గర భుజించెను. మా పొయ్యిలను, మా పాత్రలను, వాటిని పట్టుకొను మా చేతులను పవిత్రపరచుము. మేము దూరముగా ఉంచినవారిని మా బల్ల దగ్గరకు పిలుచు ధైర్యము దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.